ఏది మేలు? నెట్ పోయినా ఆగని స్మార్ట్ ఇల్లు కావాలంటే

పోయిన సంక్రాంతికి తెనాలిలో మా ఇంట్లో తెల్లవారుజామున నాలుగున్నరకి నాన్న వచ్చి లేపారు. "ఒరేయ్, మోటారు ఆగట్లేదు, ఫోన్లో మాత్రం ఆఫ్ అనే చూపిస్తోంది, ఓసారి లేచి చూడు" అన్నారు. బయటికి వెళ్తే మేడ మీద ట్యాంకు నిండిపోయి ఓవర్‌ఫ్లో పైపులోంచి నీళ్ళు ధారగా పక్కింటి బాబాయ్ గారి గోడ మీద పడుతున్నాయి, సంపు దగ్గర మోటారు తిరుగుతూనే ఉంది, నా చేతిలో యాప్ ఆఫ్ అంటోంది. ఆన్ నొక్కాను, ఆఫ్ నొక్కాను, నాలుగైదు సార్లు. చివరికి చీకట్లో మెయిన్ బోర్డు వెతుక్కుని ఎంసీబీ కిందికి దించితే గాని ఆగలేదు. పొద్దున మోటారుని ఫోన్‌తో నడిపే ఆ స్మార్ట్ ప్లగ్ విప్పి, లోపల కరెంటుని కలిపి విడదీసే చిన్న నల్ల రిలే డబ్బాని బ్లేడుతో కోసి చూశాను. రెండు వెండి చుక్కలు, ఒక్కోటి కందిగింజలో సగం కూడా ఉండదు, ఒకదానికొకటి అతుక్కుపోయి ఉన్నాయి, చుట్టూ మసి. స్క్రూడ్రైవర్ మొన దూర్చి లాగితే విడిపోయాయి.

ఆ ప్లగ్ మీద 16 ఆంపియర్లు అని రాసి ఉంది. మా మోటారు ఒక హార్స్ పవర్, నడిచేటప్పుడు ఐదారు ఆంపియర్లే తీసుకుంటుంది. మరి ఎందుకు అతుక్కుంది? ప్లగ్ మీద రాసే అంకె గీజరు, ఇస్త్రీ పెట్టె లాంటి వేడెక్కే వస్తువుల లెక్క. మోటారు స్టార్ట్ అయ్యే క్షణంలో నడిచే కరెంటుకి ఐదారు రెట్లు లాగుతుంది, అంటే ముప్పై ఆంపియర్ల దాకా వెళ్తుంది, వోల్టేజి పడిపోయి ఉంటే ఆ లాగుడు ఇంకాస్త సేపు ఉంటుంది. రోజుకి రెండుసార్లు చొప్పున ఏడాదికి పైగా ఆ చుక్కల మధ్య నిప్పురవ్వ పుట్టీ పుట్టీ ఒకరోజు కరిగి అతుక్కున్నాయి. యాప్‌కి ఆ సంగతి తెలిసే దారి లేదు. రిలేకి ఆఫ్ అని చెప్పింది, అంతవరకే దానికి తెలుసు.

అప్పటి నుంచి ఏ స్మార్ట్ వస్తువు గురించి ఎవరు అడిగినా ముందు మూడు విషయాలు చూడమంటున్నాను. నెట్ పోతే ఇది ఏం చేస్తుంది? కరెంటు పోయి వస్తే ఏ స్థితిలో లేస్తుంది? ఫోన్ చేతిలో లేని మనిషి, అంటే మా అమ్మో, పనిచేసే ఆవిడో, ఊరి నుంచి వచ్చిన చుట్టమో గదిలోకి వస్తే లైటు వేసుకోగలరా? రంగులు, వాయిస్, ఒక్క నొక్కుతో లైట్లన్నీ మార్చే సీన్లు అన్నీ వీటి తర్వాతే. నేను కింద పోల్చేవన్నీ ఈ లెక్కలోనే పోలుస్తున్నాను. తెనాలిలో అమ్మానాన్నల ఇల్లు, నిజాంపేటలో మా ఫ్లాటు, మా తమ్ముడు అద్దెకుండే ఇల్లు, ఈ మూడు చోట్లా నేనే పెట్టాను, నేనే విప్పాను, కాబట్టి చేత్తో చూసిన సంగతులే చెప్తాను.

మోటారుకి స్మార్ట్ ప్లగ్గా, లెవెల్ కంట్రోలరా?

ఇందులో నాకు ఏ అనుమానమూ లేదు, లెవెల్ కంట్రోలరే. ఊళ్ళో ఏ ఎలక్ట్రికల్ షాపులోనైనా దొరికే మామూలు డబ్బా. ట్యాంకులో పైన ఒకటి, కింద ఒకటి, సంపులో ఒకటి సెన్సర్లు వేలాడదీస్తారు, ట్యాంకు అడుగంటితే మోటారు ఆన్, నిండితే ఆఫ్, సంపులో నీళ్ళు లేకపోతే ఆన్ కానే కాదు. ఆ చివరిది చాలా ముఖ్యం. నీళ్ళు లేకుండా పంపు తిరిగితే లోపలి సీలు వేడెక్కి కాలిపోతుంది, టైమర్ పెట్టిన స్మార్ట్ ప్లగ్‌కి సంపు ఖాళీ అయిందన్న సంగతి తెలియదు. హైదరాబాద్‌లో సొంతిల్లు ఉండి, రోజు విడిచి రోజు వచ్చే నల్లా నీళ్ళు సంపులో పట్టుకునే వాళ్ళకి ఇది ఎంత అవసరమో చెప్పక్కర్లేదు.

సెన్సర్లలోనూ రెండు రకాలున్నాయి. ఒకటి నీళ్ళలో ముంచే ఉత్త లోహపు కడ్డీలు, చవక. బోరు నీళ్ళైతే కొన్ని నెలలకే వాటి మీద తెల్లటి ఉప్పు పొర పేరుకుంటుంది, అప్పుడు నీళ్ళు తగిలినా తగలనట్టే చెప్తాయి. రెండోది తేలే బుడ్డి రకం, అందులో అయస్కాంతం ఉంటుంది, నీళ్ళతో పాటు పైకి లేచినప్పుడు కాడ లోపలున్న రీడ్ స్విచ్‌ని కలుపుతుంది, నీళ్ళకీ కరెంటుకీ సంబంధమే ఉండదు. కాస్త ఎక్కువైనా బుడ్డి రకమే తీసుకోండి, ఆరు నెలలకోసారి ట్యాంకు కడిగేటప్పుడు దాన్ని కూడా తుడవండి చాలు.

వై-ఫై ఉన్న లెవెల్ కంట్రోలర్లు కూడా వస్తున్నాయి, అవి చెడ్డవని అనను. కొనే ముందు ఒక్కటి కనుక్కోండి. నిండగానే ఆపే నిర్ణయం డబ్బా లోపలే జరుగుతుందా, లేక ఎక్కడో సర్వర్‌కి వెళ్ళి రావాలా? లోపలే జరిగి, ఫోన్లో లెవెల్ చూసుకోవడానికి మాత్రమే వై-ఫై వాడేదైతే నిశ్చింతగా కొనొచ్చు. సర్వర్ మీద ఆధారపడేదైతే వద్దు. ఇప్పటికే స్మార్ట్ ప్లగ్‌తో మోటారు నడుపుతున్న వాళ్ళు పారేయనక్కర్లేదు, మధ్యలో ఒక కాంటాక్టర్, అంటే కాయిల్‌తో పనిచేసే పెద్ద స్విచ్, పెట్టించండి. ప్లగ్ కాంటాక్టర్ కాయిల్‌కి మాత్రమే కరెంటు ఇస్తుంది, మోటారు భారం కాంటాక్టర్ మోస్తుంది. కొనేటప్పుడు దాని మీద ఏసీ-3 కింద ఎన్ని ఆంపియర్లు రాశారో చూడాలి, అది మోటార్ల లెక్క, ఏసీ-1 అని ఉండే పెద్ద అంకె హీటర్ల లెక్క. నాన్నగారింట్లో ఇప్పుడు ఉన్నది బుడ్డి సెన్సర్లు, కంట్రోలరు, దాని వెనక కాంటాక్టరు. ఫోన్ లేదు, యాప్ లేదు, మోటారు గురించి ఆ ఇంట్లో ఎవరికీ టెన్షన్ లేదు.

కరెంటు తిరిగి వచ్చినప్పుడు ఏమవుతుందన్న ప్రశ్న మన రైతులకి కొత్త కాదు. కరెంటు రాగానే మోటారు దానంతటది లేచేలా పొలాల్లో ఆటో స్టార్టర్లు బిగించుకున్నారు, రాత్రి పూట చేనుకి వెళ్ళే బాధ తప్పింది. 2018 జనవరి 1 నుంచి తెలంగాణలో వ్యవసాయానికి ఇరవై నాలుగు గంటల కరెంటు మొదలుపెట్టినప్పుడు అవే ఆటో స్టార్టర్లని తీసేయమని ప్రభుత్వం రైతుల్ని కోరాల్సి వచ్చింది, ఎందుకంటే కరెంటు పోనప్పుడు ఆ మోటార్లు ఆగే పనే లేదు, భూగర్భ జలం అడుగంటిపోతుంది. పరికరం అదే, చుట్టూ పరిస్థితి మారింది, మేలు చేసిందే సమస్య అయింది. ఇంట్లో పెట్టే ఆటోమేషన్‌కి కూడా ఇదే వర్తిస్తుంది, ఏ పరిస్థితిని నమ్మి పెట్టామో అది మారితే మళ్ళీ కూర్చుని చూడాలి.

స్మార్ట్ బల్బా, స్విచ్ వెనక మాడ్యూలా?

బల్బు పెట్టడం సులువు, హోల్డర్‌లో తిప్పితే అయిపోయింది. కానీ బల్బు బతికుండాలంటే గోడ మీద స్విచ్ ఎప్పుడూ ఆన్‌లోనే ఉండాలి, మన ఇళ్ళల్లో అది జరిగే పని కాదు. గదిలోంచి బయటికొస్తూ స్విచ్ కట్టేయడం అమ్మకి యాభై ఏళ్ళ అలవాటు, నాన్నకి అంతకంటే ఎక్కువ. ఆ అలవాటు మంచిదే, దాన్ని మార్చుకోమని వాళ్ళకి చెప్పడం నాకు నచ్చదు. స్విచ్ కట్టేశారంటే బల్బు ఆఫ్‌లైన్, మీ షెడ్యూళ్ళన్నీ ఆగిపోతాయి.

రెండో ఇబ్బంది రాత్రి పూట తెలుస్తుంది. చాలా స్మార్ట్ బల్బులు కరెంటు పోయి రాగానే పూర్తి వెలుగుతో లేస్తాయి, అర్ధరాత్రి రెండింటికి పడగ్గదిలో అది ఎలా ఉంటుందో పసిపిల్లలున్న ఇంట్లో వాళ్ళని అడగండి. కొన్ని యాప్‌లలో కరెంటు వచ్చాక ఏం చేయాలో చెప్పే సెట్టింగ్ ఉంటుంది, పాత స్థితికి వెళ్ళు అని పెట్టుకోవచ్చు. ఆ సెట్టింగ్ లేని బల్బు సగం ధరకి వచ్చినా కొనకండి.

మాడ్యూల్ అంటే స్విచ్‌బోర్డు లోపల, మీ పాత స్విచ్ వెనక దాక్కునే చిన్న డబ్బా. గోడ మీద స్విచ్ ఎప్పటిలాగే పనిచేస్తుంది, ఫోన్లోంచి కూడా పనిచేస్తుంది, నెట్ పోయినా, రౌటర్ కాలిపోయినా స్విచ్ నొక్కితే లైటు వెలుగుతుంది. నా మూడు ప్రశ్నలకీ ఇది పాసవుతుంది. అయితే రెండు చిక్కులున్నాయి. మొదటిది న్యూట్రల్. మాడ్యూల్‌కి తన ప్రాణం నిలుపుకోవడానికి ఫేజుతో పాటు న్యూట్రల్ కూడా కావాలి, చాలా బోర్డుల్లో స్విచ్‌కి ఫేజు మాత్రమే దిగుతుంది. ఆ బోర్డులోనే ప్లగ్ సాకెట్ ఉంటే న్యూట్రల్ అక్కడికి వచ్చినట్టే, ఎందుకంటే సాకెట్‌కి అది లేకపోతే పని జరగదు. కాబట్టి ముందు సాకెట్ ఉన్న బోర్డులతో మొదలుపెట్టండి. న్యూట్రల్ అక్కర్లేని మాడ్యూళ్ళు కూడా ఉన్నాయి, అవి లైటు గుండానే కొంచెం కరెంటు పంపి బతుకుతాయి, దాంతో చిన్న ఎల్ఈడీ బల్బులు ఆఫ్ చేసినా మిణుకు మిణుకుమంటాయి. రెండోది చోటు. పాత ఇళ్ళలో చెక్క బోర్డుల లోపల బోలెడు ఖాళీ ఉంటుంది, కొత్త మాడ్యులర్ బోర్డుల వెనక ఇనుప పెట్టెలో వైర్లకే చోటు చాలదు, పైగా ఇనుము వై-ఫైని మింగేస్తుంది. తెనాలి ఇంట్లో 1990ల నాటి చెక్క బోర్డుల్లో గంటలో పని అయిపోయింది, నిజాంపేట ఫ్లాటులో రెండు ఆదివారాలు పట్టింది. కరెంటు పని తెలియకపోతే ఎలక్ట్రీషియన్‌ని పిలవండి, మెయిన్ కట్టేశాక టెస్టర్ పెట్టి చూసి గాని బోర్డు విప్పకండి.

మొత్తం బోర్డునే మార్చేసి గాజు టచ్ ప్యానెల్ పెట్టే పద్ధతి ఇంకోటి ఉంది, కొత్త ఫ్లాట్లలో బిల్డర్లు అదే చూపిస్తున్నారు. చూడ్డానికి బావుంటుంది. కానీ ఆ ఒక్క ప్యానెల్ పోతే గదిలో ఫ్యాను, లైటు, అన్నీ ఒకేసారి చీకటి. మాడ్యూల్ పోతే ఒక్క లైటే పోతుంది, దాన్ని పక్కకి తప్పించి వైరు కలిపితే మామూలు స్విచ్ అయిపోతుంది. అందుకే నా ఓటు మాడ్యూల్‌కే.

ఫ్యాన్ల దగ్గర జాగ్రత్త. లైట్ల కోసం చేసిన డిమ్మర్‌తో ఫ్యాను నడిపితే రాత్రంతా గుయ్‌మని మోత. ఫ్యానుకి కెపాసిటర్లతో మెట్లు మెట్లుగా తగ్గించే రకం మాడ్యూల్ కావాలి. తక్కువ కరెంటుతో నడిచే కొత్త రకం బీఎల్‌డీసీ ఫ్యానైతే దానికి రెగ్యులేటరే పెట్టకూడదు. అది పూర్తి వేగంలో ముప్పై వాట్ల చిల్లరతో నడుస్తుంది, మామూలు ఫ్యాను డెబ్బై ఐదు దాకా తాగుతుంది, కాబట్టి ఫ్యాన్ల విషయంలో స్మార్ట్ మాడ్యూల్‌కి పెట్టే డబ్బు బీఎల్‌డీసీ ఫ్యానుకి పెడితే బిల్లులో కనిపిస్తుంది.

వై-ఫైయా, జిగ్‌బీయా?

నాలుగైదు వస్తువులే అయితే వై-ఫై చాలు, అన్నిటినీ కలిపే హబ్ అనే పెట్టె ఖర్చు దండగ. పదీ పదిహేను దాటుతున్నాయంటే మాత్రం జిగ్‌బీ వైపు వెళ్ళండి, అది స్మార్ట్ వస్తువులు మాట్లాడుకునే ఇంకో రేడియో పద్ధతి. ఎందుకో చెప్తాను. నెట్ కనెక్షన్‌తో ఇచ్చే రౌటర్ మీద ఇంట్లో ఫోన్లు, టీవీలు, ల్యాప్‌టాప్‌లే ఓ డజను ఉంటాయి, వాటికి ఇరవై స్విచ్‌లు తోడైతే ఏదో ఒకటి జారిపోతూనే ఉంటుంది. పైగా ఈ వస్తువులు దాదాపు అన్నీ 2.4 గిగాహెర్ట్జ్ మీదే పనిచేస్తాయి, రౌటర్ 2.4, 5 అనే రెండు బ్యాండ్లనీ ఒకే పేరుతో పంపితే జత చేసేటప్పుడు కొన్ని మొరాయిస్తాయి. నెట్ కంపెనీ మార్చినప్పుడు ఇంకో తలనొప్పి, పాస్‌వర్డ్ మారితే ఒక్కో స్విచ్ దగ్గరికీ వెళ్ళి మళ్ళీ జత చేయాలి. దీనికి సులువైన మందు ఉంది. కొత్త రౌటర్‌కి కూడా పాత వై-ఫై పేరు, పాత పాస్‌వర్డ్ అక్షరం తేడా లేకుండా పెట్టండి, అన్నీ వాటంతటవే వచ్చి చేరతాయి.

జిగ్‌బీలో ఒక హబ్ ఉంటుంది, మిగతా వస్తువులు దాంతో మాట్లాడతాయి, రౌటర్‌తో వాటికి పని లేదు. కరెంటు మీద నడిచే ప్రతి స్విచ్, ప్రతి ప్లగ్ పక్కదాని మాటని ముందుకు అందిస్తుంది, చేతులు మారుతూ బిందె వెళ్ళినట్టు. తొమ్మిదంగుళాల ఇటుక గోడలు, మధ్యలో స్లాబు ఉన్న మన ఇళ్ళకి ఇది బాగా సరిపోతుంది. బ్యాటరీ సెన్సర్లు మాత్రం అలా అందించవు, కాబట్టి హబ్‌కీ దూరపు గదికీ మధ్య ఒక ప్లగ్గైనా ఉండాలి. జిగ్‌బీ కూడా 2.4 లోనే ఉంటుంది కాబట్టి వై-ఫైతో గుద్దుకుంటుంది. నేను వై-ఫైని 1వ ఛానెల్‌లో, జిగ్‌బీని 25లో పెట్టాక గొడవ తగ్గింది. కంప్యూటర్‌కి గుచ్చే జిగ్‌బీ స్టిక్ వాడే వాళ్ళు యూఎస్‌బీ 3 పోర్టుకి నేరుగా గుచ్చకండి, అక్కడ పుట్టే రొద సిగ్నల్‌ని పాడు చేస్తుంది, ఒక మీటరు ఎక్స్‌టెన్షన్ కేబుల్ కొని దూరంగా పెట్టండి. ఈ చిన్న కేబుల్ లేక నేను రెండు నెలలు సెన్సర్లని అనుమానించాను.

అమెరికా నుంచి వచ్చేటప్పుడు సూట్‌కేసులో స్మార్ట్ ప్లగ్గులు తెచ్చే వాళ్ళు చాలా మంది, మా అక్క కూడా డల్లాస్ నుంచి నాలుగు తెచ్చింది. దయచేసి తేకండి. అవి 120 వోల్టులకి చేసినవి, మన 230కి తట్టుకోవు. జడ్-వేవ్ అనే మరో రేడియో పద్ధతి వస్తువులైతే ఇంకో చిక్కు, అక్కడ 908 మెగాహెర్ట్జ్ చుట్టూ పనిచేస్తాయి, మన దేశంలో కేటాయించింది 865 నుంచి 868, కాబట్టి ఇక్కడి వాటితో కలవవు. జిగ్‌బీ బ్యాటరీ సెన్సర్లు ఎక్కడ కొన్నా ఫర్వాలేదు, అదే రేడియో ప్రపంచమంతా.

ఇక మ్యాటర్, అంటే వేర్వేరు కంపెనీల స్మార్ట్ వస్తువులకి ఉమ్మడి భాష. 2022 అక్టోబర్‌లో మొదటి వెర్షన్ వచ్చింది, జిగ్‌బీ వెనక ఉన్న సంస్థే పేరు మార్చుకుని దీన్ని తెచ్చింది. ఒకే వస్తువు అలెక్సాతో, గూగుల్‌తో, యాపిల్‌తో కలుస్తుంది, ఇంట్లోపలే మాట్లాడుతుంది, అది దాని అసలు బలం. పేరు చూసి అన్నీ వస్తాయనుకోవద్దు, ఆన్, ఆఫ్, వెలుగు లాంటివి వస్తాయి, కరెంటు వచ్చాక ఎలా లేవాలి లాంటి సెట్టింగులు చాలా వాటిలో ఇంకా కంపెనీ యాప్‌లోనే ఉంటున్నాయి. అయినా ఒకే ధరకి రెండు ప్లగ్గులుంటే మ్యాటర్ గుర్తు ఉన్నదే తీసుకోండి.

కంపెనీ సర్వరా, ఇంట్లో పెట్టెనా?

మీరు మంచం మీద పడుకుని ఫోన్లో లైటు ఆఫ్ నొక్కారనుకోండి. చాలా చవక వస్తువుల్లో ఆ మాట రౌటర్ దాటి, ఏ దేశంలోనో ఉన్న సర్వర్ దాకా వెళ్ళి, తిరిగి వచ్చి, తల మీద ఆరడుగుల దూరంలో ఉన్న లైటుకి చేరుతుంది. దారిలో ఎక్కడ తెగినా లైటు ఆగదు. 2025 అక్టోబర్ 20న అమెజాన్ వారి ఒక్క డేటా కేంద్రాల ప్రాంతంలో తేడా వచ్చినందుకు అలెక్సా, రింగ్ కెమెరాలు వాడే ఎంతో మందికి అవి పలకలేదు. అది కొన్ని గంటల సంగతి. కంపెనీయే పోతే? 2022 ఏప్రిల్‌లో అమెరికాలో ఇన్‌స్టియాన్ అనే స్మార్ట్ హోమ్ కంపెనీ సర్వర్లు ముందు ఒక్క మాటైనా చెప్పకుండా ఆగిపోయాయి, తర్వాత వాడకందార్లే కొందరు కలిసి ఆ వ్యాపారాన్ని కొనుక్కుని మళ్ళీ నడపాల్సి వచ్చింది. అంతకుముందు 2016లో, గూగుల్ కుటుంబంలోని నెస్ట్ తాను కొన్న రివాల్వ్ సంస్థ హబ్‌లని ఆపేసింది. మూడు వందల డాలర్లు పెట్టి కొన్నది ఆ రోజు నుంచి ఉత్త డబ్బా.

ఇంట్లోనే ఒక చిన్న కంప్యూటర్ పెట్టి అన్నీ దాంతో నడిపే దారి ఇంకోటి. హోమ్ అసిస్టెంట్ అనే సాఫ్ట్‌వేర్ అందులో బాగా పేరున్నది, 2013లో పౌలస్ స్కౌట్సెన్ మొదలుపెట్టారు, ఉచితం, 2024లో దాన్ని ఏ కంపెనీ కొనేయకుండా ఓపెన్ హోమ్ ఫౌండేషన్ అనే సంస్థ చేతిలో పెట్టారు. మా ఫ్లాటులో అదే నడుస్తోంది. నెట్ పోయిన రోజున పిల్లలకి టీవీ పోతుంది తప్ప స్విచ్‌లు, సెన్సర్లు, టైమర్లు అన్నీ మామూలే. ఒక్క హెచ్చరిక, రాస్‌ప్‌బెర్రీ పై అనే బుల్లి కంప్యూటర్ మీద మెమరీ కార్డుతో నడిపితే పదే పదే కరెంటు పోయే చోట ఆ కార్డు పాడవుతుంది, నాకు ఒకటి పోయింది. ఎస్ఎస్‌డీ పెట్టుకోండి, దానికీ రౌటర్‌కీ కలిపి చిన్న యూపీఎస్ ఇవ్వండి, వారానికోసారి బ్యాకప్ బయటికి తీసి పెట్టుకోండి.

మరి అందరికీ అదే మేలా అంటే, కాదు. అది నెల నెలా అప్‌డేట్ అడుగుతుంది, అప్పుడప్పుడు ఏదో ఒకటి మారుతుంది, కూర్చుని సరిచేయాలి. నాకు ఆ పని ఇష్టం, చేస్తాను. నాన్నగారింట్లో అది పెట్టి నేను హైదరాబాద్ వచ్చేస్తే, ఆగిపోయిన రోజున డెబ్బై రెండేళ్ళ మనిషికి ఫోన్లో స్క్రీన్ మీద ఏం నొక్కాలో చెప్తూ కూర్చోవాలి. అది ఆయనకి సాయం కాదు, బరువు. అందుకని అక్కడ హబ్ లేదు. స్విచ్ వెనక మాడ్యూళ్ళు మాత్రమే, మోటారుకి కంట్రోలరు.

సెన్సర్ల విషయంలో ఒక అనుభవం చెప్పి తీరాలి. రాత్రి నాన్న బాత్రూముకి లేస్తే వరండాలో లైటు దానంతటది వెలగాలని మోషన్ సెన్సర్ పెట్టాను, పీఐఆర్ రకం, చలికాలమంతా చక్కగా పనిచేసింది. మే నెల రాగానే మనిషి ఎదురుగా నడిచినా వెలగడం మానేసింది. బ్యాటరీ మార్చాను, చోటు మార్చాను, ఫలితం లేదు. సంగతి ఏమిటంటే పీఐఆర్ చూసేది మనిషి ఒంటి వేడికీ చుట్టూ ఉన్న వేడికీ మధ్య తేడాని. రాత్రి పదింటికి కూడా వరండా గోడలు కాలుతూ ఉంటే ఆ తేడా ఎక్కడుంటుంది? ఎంఎంవేవ్ రాడార్ రకం ఎండకి లొంగదు, కదలకుండా కూర్చున్న మనిషిని కూడా పడుతుంది, కానీ తిరిగే సీలింగ్ ఫ్యానుని, ఊగే కర్టెన్‌ని కూడా మనిషే అనుకుంటుంది. కాబట్టి ఫ్యాను లేని వరండాకి, బాత్రూముకి రాడార్ మేలు. ఏసీ గదికి, పెద్దగా వేడెక్కని చోట్లకి పీఐఆర్ చాలు, పైగా బ్యాటరీ మీద ఏడాదికి పైగా వస్తుంది. హాల్లో రెండూ వద్దు, స్విచ్ ఉంది కదా.

గీజరుకి స్మార్ట్ ప్లగ్ పెట్టొచ్చు, అది వేడెక్కే వస్తువే కాబట్టి 16 ఆంపియర్ల లెక్క ఇక్కడ నిజంగా వర్తిస్తుంది, రెండు కిలోవాట్ల గీజరు తొమ్మిది ఆంపియర్ల లోపే తీసుకుంటుంది. 10 ఆంపియర్ల ప్లగ్గుకి అంచుల మీద నడిపినట్టవుతుంది, వద్దు. పదిహేను లీటర్ల నీళ్ళని ఇరవై ఐదు డిగ్రీల నుంచి అరవైకి తేవడానికి ఇరవై నిమిషాల లోపు పడుతుంది, అర యూనిట్ పైన ఖర్చు, కాబట్టి అరగంటకి దానంతటది ఆగేలా పెట్టండి. ఆ ఆటో ఆఫ్ ప్లగ్ లోపలే ఉండాలి, ఫోన్లోనో సర్వర్లోనో కాదు. మొదటి వారం రోజూ ప్లగ్ మీద చెయ్యి పెట్టి చూడండి, గోరువెచ్చగా ఉంటే సరే, చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉంటే, సాకెట్ చుట్టూ గోధుమ రంగు మచ్చ వస్తుంటే, లోపల సాకెట్ లూజైనట్టు, ముందు అది మార్చాలి.

కెమెరాల గురించి ఎక్కువ చెప్పను. మెమరీ కార్డులోనో, ఎన్‌వీఆర్ అనే రికార్డింగ్ పెట్టెలోనో ఇంట్లోనే రికార్డు అయ్యేది కొనండి, నెల నెలా కడితే గాని పాత వీడియో చూపించనిది వద్దు. పాస్‌వర్డ్ వెంటనే మార్చండి. 2016లో మిరాయ్ అనే వైరస్ లక్షల కెమెరాల్ని, రౌటర్లని ఆక్రమించింది వాటితో వచ్చిన పాస్‌వర్డులు ఎవరూ మార్చకపోవడం వల్లే. విదేశాల్లో ఉన్న పిల్లలు అమ్మానాన్నలని చూసుకోవడానికి కెమెరా పెడుతుంటారు, ఆ తపన నాకు తెలుసు, మా అక్కదీ అదే. గేటు దగ్గర, వరండాలో పెట్టండి, లోపలి గదుల్లో పెట్టే ముందు వాళ్ళని అడగండి. మా అమ్మ హాల్లో వద్దంది, పెట్టలేదు.

ఏ వస్తువు కొన్నా ఆ ప్యాకెట్ వెనక్కి ఇచ్చే గడువు దాటకముందే ఒక పరీక్ష పెట్టండి. రౌటర్ ప్లగ్ పీకేసి గోడ స్విచ్ నొక్కండి. తర్వాత మెయిన్ ఎంసీబీ దించి, అర నిమిషం ఆగి, మళ్ళీ ఎత్తండి, ఏది ఆన్‌లో లేచింది, ఏది ఆఫ్‌లో లేచిందో రాసుకోండి. ఇన్వర్టర్ ఉంటే అది మారే క్షణంలో ఏదైనా రీస్టార్ట్ అవుతోందేమో చూడండి, యూపీఎస్ మోడ్‌లో పెడితే చాలా వరకు అవ్వదు. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర న్యూట్రల్ తెగితే ఇంట్లోకి మూడొందలకి పైన వోల్టులు వచ్చేస్తాయి, ఈ చిన్న డబ్బాలు ముందు పోయేది అప్పుడే, కాబట్టి ఎక్కువ వోల్టేజి వస్తే కట్ చేసే పరికరం ఒకటి మెయిన్ బోర్డులో పెట్టించండి. పిడుగుల కోసం పెట్టే ఎస్‌పీడీ వేరు, అది ఈ పని చేయదు.

తమ్ముడిది అద్దిల్లు కాబట్టి గోడలు విప్పే పని లేదు, రెండు మ్యాటర్ ప్లగ్గులు, పడగ్గదిలో ఒక స్మార్ట్ బల్బు, దానికి స్విచ్ పక్కనే అంటించిన బ్యాటరీ బటన్, ఇల్లు మారినప్పుడు అన్నీ ఒక చెప్పుల పెట్టెలో పట్టేస్తాయి. మా ఫ్లాటులో జిగ్‌బీ, హోమ్ అసిస్టెంట్. తెనాలిలో మెయిన్ బోర్డు తలుపు లోపలి వైపు నాన్న తన చేతిరాతతో ఒక కాగితం అంటించారు, ఏ స్విచ్ వెనక మాడ్యూల్ ఉంది, అది పాడైతే ఏ వైరు ఏ వైరుకి కలపాలి, మోటారు కంట్రోలర్‌ని పక్కకి తప్పించి మామూలుగా నడపడానికి ఏ మీట తిప్పాలి, మా ఎలక్ట్రీషియన్ నంబరు. ఆ కాగితం ఫోటో అక్క ఫోన్లో కూడా ఉంది.